గత్తం మోసిన పిట్టలు: కొత్త నేల మీదికి జీవం ఎలా వస్తుంది

(శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులు, సైన్సు ఉపాధ్యాయుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

బండరాయి మీద జీవం ఏ వరసలో వస్తుందని పరీక్షలో అడిగితే మీలో చాలామంది ఆలోచించకుండానే రాసేస్తారు. ముందు లైకెన్లు, అంటే బూజు, శైవలం జంటగా రాయికి అంటుకుని పెరిగేవి, వాటి వెనక మాస్ నాచు, ఆపైన గడ్డి, పొదలు, చివరికి చెట్లు. కాని పుట్టిన రోజు నుంచి ఇవాళ్టి వరకు శాస్త్రజ్ఞులు కంటికి రెప్పలా కాచుకుంటున్న దీవి ఒకటుంది. పేరు సుర్ట్‌సే, ఐస్‌లాండ్‌కి దక్షిణాన ఉంది. అక్కడి లెక్క తీసి చూస్తే మొదటి పూల మొక్క 1965లో మొలిచింది. నాచు 1967లో కనపడింది. లైకెన్లు 1970లో. మనం రాసే వరస అక్కడ తిరగబడింది.

ఎందుకు తిరగబడిందన్నది తెలిస్తే కొత్త నేల సంగతి చాలావరకు తెలిసినట్టే. ఇవాళ నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. కొత్త నేలకి విత్తనం కరువు కాదు, గత్తం, అంటే ఎరువు, కరువు. ఆ గత్తం మోసేవాళ్ళు వచ్చేదాకా మిగతావన్నీ వచ్చి వచ్చి చస్తూ ఉంటాయి.

ముందు దీవి పుట్టుక. 1963 నవంబరు 14 ఉదయం, వెస్ట్‌మన్ దీవుల దగ్గర ఈస్‌లేవుర్ అనే చేపల పడవ ఉంది. పడవలో వంటవాడికి దూరాన సముద్రం మీద నల్లటి పొగ కనిపించింది. వేరే పడవేదో తగలబడుతోందనుకుని కెప్టెన్ అటు తిప్పాడు. దగ్గరికి వెళ్తే పడవ లేదు, నీళ్ళలోంచి బూడిద ఎగజిమ్ముతోంది. అక్కడ సముద్రం లోతు 130 మీటర్లు. అడుగున పేలుడు అంతకు ముందే మొదలై, గుట్ట కట్టుకుంటూ పైకి వచ్చింది. మర్నాటికి దీవి నీటి మీదికి తేలింది. నార్డిక్ పురాణాల్లోని నిప్పు రాక్షసుడు సుర్టుర్ పేరు దానికి పెట్టారు.

మొదటి నాలుగైదు నెలలు అంతా పేలుళ్ళే. కాగే నూనె మూకుట్లో నీళ్ళు చిలకరిస్తే ఏమవుతుందో వంటింట్లో అందరూ చూసే ఉంటారు. అలాగే కరిగిన రాయికి సముద్రపు నీరు తగిలితే నీరు ఒక్కసారిగా ఆవిరై రాయిని తునకలు చేస్తుంది. మనం బూడిద అంటున్నాం గాని అది పొయ్యిలో బూడిద లాంటిది కాదు, గాజు లాంటి రాతి పొడి. పొయ్యి బూడిదలో పొటాష్ ఉంటుంది, చేలో చల్లుకుంటాం. ఈ రాతి పొడిలో ఖనిజాలు ఉన్నా గట్టిగా బిగుసుకుని ఉంటాయి, వేరుకి వెంటనే అందవు.

ఆ పొడి గుట్టగా ఉన్నంతకాలం దీవికి ఆయుష్షు లేదు. అలలు తినేస్తాయి. సుర్ట్‌సే పక్కనే ఇంకో రెండు దీవులు పుట్టాయి. 1965 మే నెలలో తేలిన సిర్ట్‌లింగుర్ అక్టోబరుకల్లా మాయమైంది. ఆ డిసెంబరులో మొదలైన యోల్‌నిర్ మరుసటి అక్టోబరుకి కొట్టుకుపోయింది. రెండూ బూడిద దశ దాటలేదు. సుర్ట్‌సే దాటింది. 1964 ఏప్రిల్‌లో బిలం చుట్టూ గోడ కట్టుకుని సముద్రపు నీరు లోపలికి రావడం ఆగింది. అప్పుడు పేలుడు లేకుండా లావా పారడం మొదలైంది. ఆ లావా దక్షిణం వైపు పరుచుకుని గట్టి పలక వేసింది. వరద వైపు గట్టుకి రాతి కట్టడం వేసినట్టన్నమాట. లోపల బూడిదేమో వేడి, ఆవిరి కలిసి మగ్గి, కొన్నేళ్ళలోనే గోధుమ రంగు రాయిగా బిగిసింది. ఆ రాయిని పాలగొనైట్ టఫ్ అంటారు. సుర్ట్‌సే మిగలడానికి ఈ రెండే కారణాలు. విస్ఫోటనం 1967 జూన్ 5న ఆగింది. అప్పటికి దీవి విస్తీర్ణం 2.65 చదరపు కిలోమీటర్లు. ఇప్పటికి అందులో సగానికి పైగా సముద్రం తిరిగి తీసేసుకుంది.

ఇక మొక్కల దగ్గరికి వద్దాం. లావా చల్లారి బిగిసిన కొత్త బసాల్ట్ రాయిలో కాల్షియం, మెగ్నీషియం, ఇనుము, పొటాషియం, కొంత భాస్వరం ఉంటాయి. నత్రజని మాత్రం లేనట్టే లెక్క. రాయి కరిగేటప్పుడు నత్రజని వాయువై పోతుంది గాని రాయిలో దాగదు. గాలిలో కావలసినంత ఉన్నా మొక్క నేరుగా తీసుకోలేదు. కాబట్టి కొత్త నేలకి నత్రజని మూడు దారుల్లో రావాలి. వానలో, మెరుపులో, దుమ్ములో చిటికెడు చిటికెడుగా వస్తుంది. గాలిలోది పట్టగల సూక్ష్మజీవుల ద్వారా వస్తుంది. లేకపోతే ఎవరో ఒకరు వేరే చోటి నుంచి మోసుకురావాలి. వరి కోశాక పెసలు, మినుములు చల్లడం, దమ్ముకి ముందు జీలుగ, జనుము కలియదున్నడం రెండో దారి. పశువుల సాలలోంచి గత్తం తోలడం మూడోది. ఇది మన జిల్లాల్లో చదువు రాని రైతుకీ తెలుసు. కొత్త దీవికి బండి తోలేవాడు ఎవరన్నదే ప్రశ్న.

విత్తనం రావడం అంత కష్టమైన పని కాదు. డార్విన్ 87 రకాల విత్తనాలను ఉప్పునీటిలో నానబెట్టి చూశాడు. 28 రోజుల తరవాత కూడా 64 రకాలు మొలిచాయి. కొన్ని 137 రోజులకీ బతికాయి. సముద్రంలో ప్రవాహం సెకనుకి 0.3 మీటరు ఉందనుకుంటే రోజుకి దాదాపు 26 కిలోమీటర్లు, 28 రోజులకి 720 కిలోమీటర్ల పైన. ప్రవాహం తిన్నగా పోదు, సుళ్ళు తిరుగుతుంది. అయినా సుర్ట్‌సే నుంచి ఐస్‌లాండ్ తీరం 32 కిలోమీటర్లే. ఇక్కడ మీరు పట్టుకోవలసిన తేడా ఒకటుంది. ఉప్పునీటిలో చావకపోవడం వేరు, మునగకపోవడం వేరు. డార్విన్ చూసిన వాటిలో చాలా రకాలు బతికాయి గాని పచ్చిగా ఉన్నప్పుడు త్వరగానే మునిగిపోయాయి. మునిగిన విత్తనం బతికున్నా ఒడ్డు చేరదు. ఎండిన కొమ్మతో, కాయతో కలిసి ఉంటే ఎక్కువ రోజులు తేలుతుంది.

సుర్ట్‌సే ఒడ్డుకి టేకు చేప జాతుల గుడ్ల సంచులు కొట్టుకొచ్చాయి. తోలు సంచుల్లా నాలుగు మూలలా కొక్కేలతో ఉంటాయవి. వాటికి చిక్కుకుని గడ్డి విత్తనాలు కూడా వచ్చాయని చూసి రాశారు. సముద్రం ఎన్ని రకాల పడవలు తయారు చేస్తుందో చూడండి.

1965లో వచ్చిన మొదటి మొక్క ఆవాల కుటుంబానిది, సీ రాకెట్ అంటారు. ఉత్తరం ఒడ్డున అలలు విసిరిన చెత్త మధ్యలో మొలిచింది. పక్కన సిర్ట్‌లింగుర్ కక్కిన బూడిద మీద పడి, పూయకుండానే కప్పబడిపోయింది. 1967లో సీ శాండ్‌వర్ట్ వచ్చింది. నేలకి అంటుకుని పరుపులా పెరుగుతుంది, ఆకులు దళసరి. ఇది నిలిచింది, దీవంతా పాకింది. దాని వెంట లైమ్ గడ్డి. ఇసుక కప్పేసినా మళ్ళీ పైకి పొడుచుకు రావడం వీటి ప్రత్యేకత. కొత్త ఇసుకలో మొక్క చావడానికి నీరు లేకపోవడం ఎంత కారణమో, గాలికి ఇసుక కదిలి వేరు బయట పడడమో, చిగురు పూడిపోవడమో అంతే కారణం.

అయితే లైకెన్లు ముందు ఎందుకు రాలేదు? విత్తనంలో కొన్ని వారాలకి సరిపడా చద్దిమూట ఉంటుంది. దాని బలంతో మొక్క వేరు దింపి, అలలు విసిరిన చేప, సముద్రపు నాచు కుళ్ళిన చోట తిండి వెతుక్కోగలదు. లైకెన్ చాలా మెల్లగా పెరుగుతుంది. బూడిద రాలుతూ, ఇసుక గీరుతూ ఉన్న రాయి మీద దానికి నిలకడ దొరకదు. రాయి చల్లారి, బూడిద ఆగి, తేమ నిలిచిన లావా పగుళ్ళలో అది ఆ తరవాతే కుదురుకుంది. కదలని బండ మీద పుస్తకం చెప్పే వరస జరగదని నేను అనడం లేదు. కొత్త నేలంతా కదలని బండే అనుకోవడం పొరపాటు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. సుర్ట్‌సేలో మొదటి 20 ఏళ్ళలో 20 రకాల మొక్కలు కనపడ్డాయి, అందులో నిలిచినవి 10. విత్తనాలు వస్తూనే ఉన్నాయి, మొలుస్తూనే ఉన్నాయి, పచ్చబడి పసుపెక్కి చస్తూనే ఉన్నాయి. అప్పటికే అక్కడ పక్షులు లేవా అంటే ఉన్నాయి. ఫుల్మార్, నల్ల గిల్లెమాట్ అనే సముద్రపు పక్షులు 1970 నుంచే గూళ్ళు పెడుతున్నాయి. మరి వాటి రెట్ట ఏమైంది? అవి కొండ చరియల అంచున పెడతాయి. రెట్ట రాతి గోడ మీద, అక్కడి నుంచి సముద్రంలో పడుతుంది. నేలకి అందేది తక్కువ.

1986 ప్రాంతంలో గల్ పక్షులు, అంటే పెద్ద సముద్రపు కాకులు, దక్షిణాన చదునైన లావా మీద గుంపుగా గూళ్ళు మొదలుపెట్టాయి. పగలంతా సముద్రంలో చేపలు తిని, తిరిగొచ్చి గూటి చుట్టూ రెట్ట వేస్తాయి. పిల్లలకి తెచ్చిన చేపల్లో కొంత కింద పడి కుళ్ళుతుంది. గూడు కట్టడానికి గడ్డి పోచలు తెస్తాయి, వాటితో గింజలూ వస్తాయి. పొట్టలో ఇంకొన్ని. విత్తనం, గత్తం ఒకే బండిలో, ఒకే చోట దిగాయి. ఆ చుట్టుపక్కల కొన్నేళ్ళలోనే పచ్చిక పరుచుకుంది. పచ్చిక కింద మట్టి కట్టింది, మట్టిలో పురుగులు చేరాయి. 1993లో మట్టి నమూనాలో వానపాము దొరికింది. పురుగులు తినే చిన్న పిట్టలు వచ్చి గూళ్ళు పెట్టాయి. 1998లో మొదటి విల్లో పొద మొలిచింది. 2008 నాటికి మొత్తం 69 రకాల మొక్కలు నమోదైతే 30 దాకా నిలదొక్కుకున్నాయి. దీవి చేరిన రకాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు పక్షుల ద్వారా వచ్చినవేనని అక్కడి వృక్షశాస్త్రవేత్తల అంచనా. గాలి, సముద్రం కలిసి మోసింది మిగతా ఒక వంతు.

ఇక్కడే జిల్లాలో తేలినీలాపురం ఉంది. టెక్కలి పక్కనే. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు సెప్టెంబరులో వచ్చి మార్చి దాకా ఉంటాయి. గూళ్ళున్న చెట్టు కింద నేల తెల్లగా ఉండడం చూసే ఉంటారు. ఆ తెలుపు యూరిక్ ఆమ్లం. అది విరిగితే అమ్మోనియా, తరవాత నైట్రేట్. తంపరలోనో సముద్రపు ఒడ్డునో తిన్న చేపలోని నత్రజని ఊరి చెట్టు కిందికి రావడమే ఇదంతా. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. రెట్ట మరీ ఎక్కువైతే ఆకు మాడుతుంది, వేరు కాలుతుంది. పిట్టల గుంపు చాలా దట్టంగా ఉన్న నడిబొడ్డున చాలా మొక్కలు నిలవలేవు, అంచున దట్టంగా పెరుగుతాయి.

సుర్ట్‌సేది చలి దేశం కథ. వేడి దేశంలో ఏమవుతుందో క్రాకటోవా చెప్తుంది. 1883 ఆగస్టు 26, 27 తేదీల్లో జావా, సుమత్రాల మధ్య ఆ అగ్నిపర్వతం పేలి 36 వేల మందికి పైగా చనిపోయారు. మిగిలిన రకాటా ముక్క మీద పదుల మీటర్ల మందాన బూడిద పడింది. 1884 మేలో వెళ్ళినవాళ్ళకి కనిపించిన జీవి ఒకే ఒక్క సాలీడు. ఆశ్చర్యం అక్కరలేదు. ధనుర్మాసంలో కోసిన వరి మడి మీద మంచు పట్టిన సన్న దారాలు మెరుస్తుంటాయి కదా, అవి గాలిలో ఎగరడానికి పిల్ల సాలీళ్ళు వదిలిన దారాలే. 1886లో వృక్షశాస్త్రవేత్త మెల్కియర్ ట్రోయిబ్ వెళ్ళేసరికి బూడిద మీద నీలి ఆకుపచ్చ పాకుడు, 11 రకాల ఫెర్న్ మొక్కలు ఉన్నాయి. ఫెర్న్ బీజం దుమ్ములాంటిది, గాలే మోస్తుంది. 1897కి రెల్లు, దర్భ జాతి గడ్డి. 1930 నాటికి లోపల అడవి మూసుకుపోయింది. యాభై ఏళ్ళలో అడవి! సుర్ట్‌సేలో అంతకాలానికి మోకాలెత్తు పొద. వేడి, వాన, చుట్టూ అడవులున్న పెద్ద దీవులు, గబ్బిలాలు, ఇవన్నీ క్రాకటోవాకి కలిసొచ్చాయి.

గబ్బిలాలూ పండ్లు తినే పిట్టలూ తెచ్చినవి ఎక్కువగా మర్రి జాతులు. మర్రి, రావి, జువ్వి అన్నీ ఆ కుటుంబమే. పాత కోట గోడ సందులో, గుడి గోపురం మీద రావి మొక్క మొలవడం మనకి కొత్త కాదు. అయితే మర్రి జాతి మొక్క దీవిలో మొలిస్తే సరిపోదు. ప్రతి రకానికీ దానికంటూ ఓ చిన్న కందిరీగ ఉంటుంది. అది లోపలికి దూరి పరాగం చల్లకపోతే కాయలో గింజ కట్టదు. చెట్టుతో పాటు దాని కందిరీగ కూడా సముద్రం దాటాలి. మోసేవాడు ఒక్కడే కాదు, కాపు కట్టించేవాడూ రావాలన్నమాట.

ఆ క్రాకటోవా బిలంలోనే 1927లో కొత్త దీవి పుట్టింది, అనక్ క్రాకటోవా, అంటే క్రాకటోవా బిడ్డ. దాని నల్లటి బూడిద మీద మొదట చోటు పట్టిన వాటిలో రెల్లు, బాలబండ తీగ, సరుగుడు ఉన్నాయి. వినగానే మన ఇసుక దిబ్బలు గుర్తొస్తాయి కదూ! సరుగుడు గింజకి రెక్క ఉంటుంది, గాలికి పోతుంది. పైగా దాని వేరు బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పడుతుంది. అంటే ఈ చెట్టు తన గత్తం తానే తోలుకుంటుంది, గల్ పక్షుల కోసం ఇరవై ఏళ్ళు కాచుకోనక్కర లేదు. సరుగుడు లాంటి చెట్టు సుర్ట్‌సే చుట్టుపక్కల లేకపోవడం అక్కడి ఆలస్యానికి ఒక పెద్ద కారణమని నా అభిప్రాయం. 2018 డిసెంబరు 22న అనక్ క్రాకటోవా ఒక పక్క జారి సముద్రంలో పడింది. వచ్చిన సునామీకి 400 మందికి పైగా చనిపోయారు. ఎత్తు 338 మీటర్ల నుంచి 110కి తగ్గింది, చెట్లన్నీ బూడిద కింద పోయాయి. అక్కడ లెక్క మళ్ళీ మొదటికొచ్చింది.

సూక్ష్మజీవుల గురించి ఒక్క మాట. నేల మీద అందరికంటే ముందు నీలి ఆకుపచ్చ శైవలాలు వస్తాయని అనుకునేవాళ్ళం. టోంగా దేశంలో 2014 చివర, 2015 మొదట్లో ఒక దీవి పుట్టి, 2022 జనవరి 15 పేలుడులో మాయమైంది. ఆ ఏడేళ్ళలో తీసిన మట్టి నమూనాల్లో ఎక్కువగా దొరికినవి గంధకాన్నీ, గాలిలోని వాయువులనూ తిని బతికే బ్యాక్టీరియా. వెలుగుతో తిండి చేసుకునేవి కాదు. ఇక్కడా మనం అనుకున్న వరస తప్పింది.

ఇప్పుడు మీ చేతికి పని చెప్తాను. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అగ్నిపర్వతం లేదు గాని నదులు సముద్రంలో కలిసే మొగల్లో కొత్త నేల ఉంది. కళింగపట్నం దగ్గర వంశధార మొగ, మోఫస్‌బందరు దగ్గర నాగావళి మొగ, బారువలో మహేంద్రతనయ, కోనాడలో చంపావతి. ప్రతి మొగలోనూ ఇసుక మేట వేస్తుంది, వరద కోస్తుంది, తుపాను మారుస్తుంది. దీన్ని సుర్ట్‌సేతో సమానం అనొద్దు. నది తెచ్చిన ఒండ్రులో విత్తనం, సేంద్రియం ముందే ఉంటాయి, ఒడ్డు పక్కనే ఉంది. కాని ఎవరు ముందు వస్తారు, ఎవరు నిలుస్తారు అన్నది చూడడానికి ఇంతకంటే మంచి బడి దొరకదు.

దిబ్బ మీద లెక్క ఇలా తీయండి. వెదురు బద్దలతో మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం కట్టండి. పోటు చివరిసారి వదిలిన చెత్త గీతను సున్నా అనుకుని, అక్కడి నుంచి లోపలికి 50 మీటర్ల తాడు లాగండి. ప్రతి 5 మీటర్లకీ చట్రం వేస్తే 11 గళ్ళు వస్తాయి. ప్రతి గడిలో ఏ మొక్క, ఎన్ని, గడిలో ఎంత భాగం కప్పింది రాయండి. ఏమీ లేకపోతే ఏమీ లేదని రాయండి. విద్యార్థులు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఖాళీ గడిని వదిలేస్తే తరవాత ఏడాది మొలిచిన మొక్క కొత్తదో పాతదో తెలియదు. గుర్తుకి పాతిన కర్ర వానాకాలానికి మిగలదు. ఫోనులో జీపీఎస్ మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, మీటరు గడికి అది చాలదు. అందుకని కదలని రెండు గుర్తులు, ఒక లైట్‌హౌసు, ఒక గుడి శిఖరం చూసుకుని, దిక్సూచితో రెండింటి దిక్కూ రాసుకోండి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ, అష్టమికి తక్కువ. ఏటా ఒకే తిథి దగ్గర కొలవండి, లేకపోతే మీ సున్నా గీతే జరిగిపోతుంది. వరద తగ్గాక డిసెంబరులో ఒకసారి, ఫిబ్రవరిలో పగటి పూట ఇంకోసారి చాలు. అప్పటికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడుతుంటాయి. గుడ్లు జానెడు రెండు జానల లోతులో ఉంటాయి కాబట్టి ఇసుకలో ఇనప చువ్వ గుచ్చొద్దు. మార్చి దాటితే వెళ్ళకండి. తీతువులు, టెర్న్ పిట్టలు ఇసుక మీదే గుడ్లు పెడతాయి. మీరు దగ్గర నిలబడితే తల్లి లేచిపోతుంది, ఎండకి గుడ్డు నిమిషాల్లో చెడుతుంది.

మీకు కనిపించేవి ముందు బాలబండ తీగ, రావణాసురుడి మీసం గడ్డి. బాలబండ తీగ కణుపు కణుపునా వేరు దింపుతుంది, ఒక చోట కోసుకుపోయినా మిగతా ముక్క బతుకుతుంది. రావణాసురుడి మీసం ముళ్ళ బంతి గాలికి ఒడ్డంతా దొర్లుతూ గింజలు రాలుస్తుంది. ఈ రెండూ ఇసుకను ఆపాకే వెనక మొగలి, జిల్లేడు వస్తాయి. తుపానుకి అడ్డమని పోటు గీత దగ్గర దాకా సరుగుడు నాటడం నాకు నచ్చదు. దాని ఆకు దట్టంగా రాలి తీగను చంపుతుంది, తాబేలుకి గుంట తవ్వే చోటు ఉండదు. సరుగుడు వెనక వరసలో ఉండాలి.

విత్తన పరీక్షకి నౌపడా కల్లుప్పు చాలు. పది లీటర్ల నీటికి 350 గ్రాములు వేస్తే సముద్రపు ఉప్పదనం దగ్గరికి వస్తుంది. వానాకాలం చివర్లో నదుల నీళ్ళు కలిసి మన బంగాళాఖాతం పైపొర ఇంతకంటే చప్పగా ఉంటుంది, కావాలంటే 280 గ్రాములతో ఇంకో బకెట్ పెట్టండి. ఒక్కో రకం గింజలు 120 తీసుకోండి. 30 పొడిగా దాచండి, 90 నానబెట్టండి. 7వ, 14వ, 28వ రోజు ముప్పై చొప్పున తీసి మంచినీటితో కడిగి, కడిగిన ఇసుకలో నాటండి. తేలుతున్నవెన్ని, మునిగినవెన్ని అన్నది విడిగా రాయండి. బకెట్‌కి నీటి మట్టం గీత గీసుకోండి. ఆవిరైన మేరకి మంచినీరు మాత్రమే పొయ్యండి, ఉప్పునీరు పోస్తే ఉప్పు పెరుగుతూ పోతుంది. మూడు రోజులకోసారి మొత్తం నీరు మార్చకపోతే కుళ్ళి, ఉప్పుకి కాకుండా కుళ్ళుకి గింజ చస్తుంది. బాలబండ గింజ తొక్క రాయిలా ఉంటుంది. మొలవలేదని చచ్చిందనుకోకండి. గరుకు కాగితంతో ఒక పక్క గీకి మళ్ళీ నాటండి.

నత్రజని సంగతి కళ్ళతో చూడాలంటే టెక్కలి క్వారీల దగ్గర దొరికే రాతి పొడి తెచ్చుకోండి. జల్లించి మెత్తటి దుమ్ము తీసెయ్యండి, లేకపోతే నీరు పోస్తే సిమెంటులా గడ్డకడుతుంది. అడుగున చిల్లులున్న మూడు డబ్బాల్లో కిలో చొప్పున వెయ్యండి. మొదటి దాంట్లో ఏమీ కలపొద్దు. రెండో దాంట్లో ఎండిన కోడి రెట్ట 5 గ్రాములు, మూడో దాంట్లో 50 గ్రాములు కలపండి. ఒక్కో దాంట్లో 20 చోడి గింజలు చల్లి, పట్టి ఉంచిన వాన నీటితో తడపండి. బోరు నీరు వద్దు, అందులో నైట్రేట్ ఉంటే పరీక్ష చెడుతుంది. మొదటి డబ్బాలోనూ మొలుస్తాయి! గింజలోని చద్దిమూట అయ్యేదాకా పచ్చగానే ఉండి, రెండు మూడు వారాలకి పసుపెక్కుతాయి. సుర్ట్‌సే మొదటి ఇరవై ఏళ్ళు ఆ డబ్బాయే. మూడో డబ్బాలో చాలావరకు మాడతాయి. రెట్ట ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

దిబ్బ మీదికి వెళ్ళే ముందు చెప్పులు, ప్యాంటు అంచులు దులుపుకోండి. పల్లేరు కాయ, ఉత్తరేణి గింజ మీతోనే దిబ్బకి చేరతాయి. సుర్ట్‌సేకి అనుమతి లేకుండా ఎవరూ వెళ్ళలేరు, వెళ్ళేవాళ్ళు బట్టలు, బూట్లు, సంచులు వెతికించుకోవాలి. అంత జాగ్రత్తలోనూ ఒకసారి లావా మధ్య టమాటా మొక్క మొలిచింది. ఎవరో బహిర్భూమికి వెళ్ళిన చోట, తిన్న టమాటాలోని గింజ అది. వెంటనే పీకేశారు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ఒక విద్యార్థిని: మన దగ్గర అగ్నిపర్వతం వచ్చే అవకాశం ఉందాండీ?)

లేదమ్మా. మన తూర్పు కనుమల ఖోండలైట్, టెక్కలి నీలి గ్రానైట్ అన్నీ చాలా పాత రాళ్ళు, భూమి లోతున మగ్గి పైకి తేలినవి. ఇప్పుడు కింద కరిగిన రాయి పైకి వచ్చే పరిస్థితి లేదు. మనకి దగ్గరలో జాగృతంగా ఉన్నది అండమాన్‌లోని బ్యారెన్ దీవి. ఇక్కడి నుంచి 1200 కిలోమీటర్ల పైన.

(ఒక ఉపాధ్యాయుడు: మరి విత్తనాలు, ఎరువు మనమే వేస్తే సుర్ట్‌సే త్వరగా పచ్చబడేది కదండీ?)

పచ్చబడేది మాస్టారూ, కాని ఎవరు ఎలా వచ్చారో చెప్పే రికార్డు పోయేది. మనుషులు పుట్టుక నుంచి కాచిన నేలలు ప్రపంచంలో చాలా తక్కువ. అందుకే 1965లోనే దాన్ని రక్షిత ప్రాంతం చేశారు, 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఇప్పుడు అక్కడ రాస్తున్నది తరుగుదల లెక్క. దక్షిణాన లావా పలక ఏటా విరిగి సముద్రంలో పడుతోంది. ఆ లావా మీదే గల్ పక్షుల పచ్చిక ఉంది. ఉత్తరాన ఇసుక మూతి, మొదటి మొక్క మొలిచిన చోటు, అలలు తెచ్చే రాళ్ళతో, ఇసుకతో నిలబడి ఉంది. అది కరిగిపోతే ఒడ్డు మొక్కలకి చోటుండదు. చివరికి మిగిలేది నడుమ బిగిసిన పాలగొనైట్ రాయి. చుట్టుపక్కల వెస్ట్‌మన్ దీవులు చాలావరకు ఇప్పుడు అలాగే ఉన్నాయి, నిటారు చరియలు, పైన రెట్ట తిని పెరిగిన దట్టమైన గడ్డి, చరియ అంచుల నిండా సముద్రపు పిట్టలు.